సైటరాబిన్

సైటరాబిన్ రక్త క్యాన్సరు చికిత్సలో వాడే ఒక ఔషధము. దీనిని సైటోసిన్ అరాబినోసైడ్ అని, వైద్యుల వాడుకలో క్లుప్తంగా అరా-సి అని కూడా అంటారు. ఇది న్యూక్లియోసైడ్ సాదృశ్యాలు అనే ఔషధ వర్గానికి చెందినది. కణము తన డి.ఎన్.ఏ.ను నిర్మించుకొనేందుకు వాడే సహజ పదార్థాన్ని పోలి ఉండి, దాని స్థానములో చొరబడి, ఆ నిర్మాణాన్ని ఆపివేయడం ఈ వర్గపు మందుల లక్షణము. తీవ్ర మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సరుకు 1970ల నుండి నేటి వరకు ఇచ్చే ప్రధాన చికిత్సలో సైటరాబిన్ మూలస్తంభముగా ఉన్నది. తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియాలోను, కొన్ని రకాల లింఫోమాలలోను కూడా దీనిని ఇతర మందులతో కలిపి వాడుతారు.

సైటరాబిన్ పాత మందు. పేటెంటు కాలము ఎప్పుడో తీరిపోయినది. భారతదేశములో పలు సంస్థలు దీనిని తయారు చేస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అత్యవసర ఔషధాల జాబితాలోను, భారత ప్రభుత్వపు జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలోను ఇది ఉన్నది గనుక దీని గరిష్ఠ ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. అయితే ఈ మందుతో చేసే చికిత్స మాత్రం చౌక కాదు, తేలికా కాదు. మందు ఎక్కించేది ఏడు రోజులైతే, ఆ పిమ్మట రోగిని కాపాడుకోవలసినది మూడు వారాలు. పెద్ద ఆసుపత్రులకు దూరముగా ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డ వంటి ప్రాంతాల రోగులకు ఈ మూడు వారాలే గండము.

నిర్మాణము

సైటరాబిన్ రసాయన సూత్రము C₉H₁₃N₃O₅. అణుభారము సుమారు 243. ఇది తెల్లని స్ఫటికాకార చూర్ణము, నీటిలో కరుగుతుంది.

ఏ న్యూక్లియోసైడ్ లోనైనా రెండు భాగాలు ఉంటాయి: ఒక క్షారము, ఒక చక్కెర. సైటరాబిన్ లోని క్షారము సైటోసిన్. ఇది మన డి.ఎన్.ఏ. లోని నాలుగు క్షారాలలో ఒకటి, ఇందులో ఏ మార్పూ లేదు. తేడా అంతా చక్కెరలో ఉన్నది. ఆర్.ఎన్.ఏ.లో ఉండే చక్కెర రైబోజ్, డి.ఎన్.ఏ.లో ఉండేది డీఆక్సీరైబోజ్. సైటరాబిన్ లో ఉండేది అరాబినోజ్. రైబోజ్ కు, అరాబినోజ్ కు గల భేదము ఒక్కటే. రెండవ కర్బన పరమాణువుకు అంటుకొని ఉన్న హైడ్రాక్సిల్ సమూహము రైబోజ్ లో వలయానికి దిగువన ఉంటే అరాబినోజ్ లో ఎగువన ఉంటుంది. పరమాణువులు అవే, సంఖ్య అదే; ఒక్క కొమ్మ దిశ మారినది. కణము ఈ తేడాను మందు లోపలికి ప్రవేశించేటప్పుడు పసిగట్టలేదు. డి.ఎన్.ఏ. పేట మధ్యలో అది కుదురుకొన్న తరువాత ఆ ఎగువ కొమ్మ అడ్డుపడి తదుపరి అతుకు సరిగా పడదు.

చరిత్ర

క్యాన్సరు కణానికి కావలసిన పోషకాన్ని పోలిన నకిలీ పదార్థాన్ని ఇచ్చి దానిని మోసగించవచ్చునన్న ఆలోచన ఫలించడములో ఒక తెలుగువాని పాత్ర ఉన్నది. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయానికి నాయకత్వము వహించిన కాలములో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లాన్ని, దానిని పోలిన ప్రతిబంధకాలను తయారు చేసినది. వాటిలో అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్ లో సిడ్నీ ఫార్బర్ తీవ్ర లుకేమియాతో బాధపడుతున్న 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికముగా వెనుకంజ వేసినది. ఈ ఫలితాలు 1948 జూన్ లో ప్రచురితమైనాయి. అదే ఏడు ఆగష్టులో సుబ్బారావు న్యూయార్కులో మరణించారు. అమినోప్టెరిన్ కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. ఇవి న్యూక్లియోసైడ్ సాదృశ్యాలు కావు. కాని సైటరాబిన్ వంటి మందులకు దారి వేసిన సిద్ధాంతము ఇదే.

సైటరాబిన్ మూలము మాత్రము సముద్రములో ఉన్నది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయములో పనిచేసిన వెర్నర్ బెర్గ్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1940లలో ఫ్లోరిడా తీరపు లోతు తక్కువ నీటిలో పెరిగే ఒక స్పంజికను సేకరించాడు. దానిని నేడు టెక్టిటెథియా క్రిప్టా అంటారు. ఆయన వెదుకుతున్నది క్యాన్సరు మందు కాదు, స్పంజికలలోని కొవ్వు పదార్థాలను. సారము తీస్తూ ఉండగా అనుకోకుండా కొన్ని స్ఫటికాలు ఏర్పడినాయి. వాటిని పరీక్షించగా అంతవరకు ప్రకృతిలో ఎవరూ చూడని న్యూక్లియోసైడులని తేలినది. బెర్గ్‌మన్, రాబర్ట్ ఫీనీ 1950, 1951 సంవత్సరాలలో వీటిని వర్ణించి స్పాంజోథైమిడిన్, స్పాంజోయురిడిన్ అని పేర్లు పెట్టారు. వీటిలో చక్కెర అరాబినోజ్ కావడమే విశేషము. అంతవరకు న్యూక్లియోసైడ్ అంటే రైబోజ్ లేదా డీఆక్సీరైబోజ్ తప్పనిసరి అనే భావన ఉండేది. చక్కెరను కూడా మార్చవచ్చునని ఈ స్పంజిక చూపినది.

సైటరాబిన్ ఆ స్పంజికలో దొరికిన పదార్థము కాదు. దొరికిన వాటిని నమూనాగా పెట్టుకొని 1959లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము బర్కిలీలో రిచర్డ్ వాల్విక్, వాల్డెన్ రాబర్ట్స్, చార్లెస్ డెకర్ లు దీనిని ప్రయోగశాలలో తయారు చేశారు. చాలా చోట్ల దీనిని స్పంజిక నుండి తీసిన మందుగా చెబుతారు, అది సరి కాదు. 1961లో ఎలుకలలో లుకేమియాపై దీని ప్రభావము వెల్లడైనది. 1969లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతి లభించగా అప్‌జాన్ సంస్థ దీనిని సైటోసార్ అనే పేరుతో విడుదల చేసినది.

1973లో బఫెలో నగరములోని రాజ్‌వెల్ పార్క్ సంస్థ వైద్యులు సైటరాబిన్ ను ఏడు రోజులు, డానోరుబిసిన్ అనే మరొక మందును మూడు రోజులు కలిపి ఇచ్చే పద్ధతిని ప్రచురించారు. ఏడు-మూడు అని పిలువబడే ఈ పద్ధతి అర్ధ శతాబ్దము గడిచినా చికిత్సకు తట్టుకోగల రోగులలో ప్రమాణముగా నిలిచి ఉన్నది. క్యాన్సరు చికిత్సలో ఇంత కాలము మారకుండా నిలిచిన పద్ధతులు అరుదు. దీనిని మందు గొప్పతనముగా చెప్పవచ్చును, దీనికన్నా మెరుగైనది దొరకడములో జరిగిన ఆలస్యముగానూ చెప్పవచ్చును.

పనిచేసే విధానము

రక్తములోకి ఎక్కించిన సైటరాబిన్ కణపు పొర మీది రవాణా ప్రోటీనుల ద్వారా లోపలికి పోతుంది. అప్పటికి అది ఇంకా నిరపాయకరమైన పదార్థమే. లోపల డీఆక్సీసైటిడిన్ కైనేజ్ అనే ఎంజైము దానికి మొదటి ఫాస్ఫేటును చేరుస్తుంది. మరి రెండు ఫాస్ఫేటులు చేరిన పిదప అది అరా-సి.టి.పి.గా మారుతుంది. అసలైన మందు ఇదే. డి.ఎన్.ఏ. పాలిమరేజ్ అనే ఎంజైము దీనిని సహజమైన డీఆక్సీ-సి.టి.పి. అనుకొని కొత్త పేటలో కూర్చుతుంది. దానితో పేట పెరుగుదల కుంటుపడి, కణము విభజన పూర్తి చేయలేక మరణిస్తుంది.

డి.ఎన్.ఏ. నకలు జరిగే దశలో ఉన్న కణాలనే సైటరాబిన్ చంపగలదు. కణ విభజన చక్రములో దీనిని ఎస్ దశ అంటారు. రోగి శరీరములోని లుకేమియా కణాలన్నీ ఒకే సమయములో ఈ దశలో ఉండవు. పైగా సైటిడిన్ డీఅమినేజ్ అనే ఎంజైము ఈ మందును చాలా త్వరగా నిర్వీర్యము చేస్తుంది. కాలేయములో ఇది విస్తారముగా ఉంటుంది, పేగులలోను ఉంటుంది. ఈ కారణముగా సైటరాబిన్ ను మాత్రగా మింగితే ఐదవ వంతు కూడా రక్తానికి చేరదు. సిరలోకి ఒక్కసారిగా ఎక్కించినా అధిక భాగము నిమిషాలలోనే రక్తము నుండి కనుమరుగవుతుంది. ఉదయము ఒక సూది వేసి పంపివేస్తే, ఆ కొద్దిసేపు ఎస్ దశలో ఉన్న కణాలు మాత్రమే చస్తాయి, తక్కినవి తప్పించుకొంటాయి. కావున ఏడు రోజుల పాటు పగలు రాత్రి విరామము లేకుండా చుక్క చుక్కగా ఎక్కిస్తారు. ఈ మందు విషయములో మోతాదు ఎంత ముఖ్యమో వ్యవధి అంత ముఖ్యము. రోగి ఆసుపత్రిలోనే ఉండవలసి రావడానికి మొదటి కారణము కూడా ఇదే.

మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే మస్తిష్కమేరు ద్రవములో సైటిడిన్ డీఅమినేజ్ చాలా తక్కువ. అక్కడ చేరిన సైటరాబిన్ గంటల తరబడి నిలుస్తుంది. అందువలన నడుము వద్ద వెన్నులో సూది గుచ్చి ఆ ద్రవములోకి నేరుగా ఈ మందును ఇచ్చే పద్ధతి ఉన్నది. ముఖ్యముగా పిల్లలలో వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియా మెదడులో దాగకుండా ఇలా చేస్తారు. పలు చికిత్సా విధానాలలో సైటరాబిన్, మెథోట్రెక్సేట్, హైడ్రోకార్టిసోన్ మూడింటిని కలిపి ఒకే సూదితో ఇస్తారు. ఫ్లోరిడా స్పంజిక వంశము, భీమవరపు సుబ్బారావు పరిశోధన వంశము ఆ విధముగా ఒకే సిరంజిలో కలుస్తాయి.

కొన్ని లుకేమియాలు కాలక్రమేణా సైటరాబిన్ కు లొంగవు. డీఆక్సీసైటిడిన్ కైనేజ్ తగ్గిపోతే మందు చైతన్యవంతము కాదు. డీఅమినేజ్ పెరిగితే మందు త్వరగా నశిస్తుంది. సాంహెచ్‌డి1 అనే మరొక ఎంజైము తయారైన అరా-సి.టి.పి.ని విడగొట్టివేస్తుందని 2017లో కనుగొన్నారు.

చికిత్సలో వాడుక

తీవ్ర మైలాయిడ్ లుకేమియాలో ఎముక మజ్జ, అనగా మూలుగ, ఎదగని తెల్ల కణాలతో నిండిపోతుంది. వీటిని బ్లాస్టులు అంటారు. ఆరోగ్యకరమైన కణాలకు అక్కడ చోటు మిగలదు. ఎర్ర కణాలు తగ్గి నీరసము, ఆయాసము. రక్త ఫలకికలు తగ్గి చిగుళ్ళ నుండి రక్తము, చర్మముపై కమిలిన మచ్చలు. పనికివచ్చే తెల్ల కణాలు తగ్గి విడువని జ్వరము వస్తాయి. చికిత్స లేకపోతే కొన్ని వారాల నుండి కొన్ని నెలలలో ప్రాణాపాయము కలుగుతుంది.

మొదటి దశను ప్రేరణ చికిత్స అంటారు. శరీర ఉపరితల వైశాల్యము చదరపు మీటరుకు 100 నుండి 200 మిల్లీగ్రాముల సైటరాబిన్ ను రోజంతా సాగేలా 7 రోజులు, మొదటి 3 రోజులు డానోరుబిసిన్ గాని ఇడారుబిసిన్ గాని ఇస్తారు. ఎర్రని రంగులో ఉండే ఆ రెండవ మందును రోగులు, బంధువులు బాగా గుర్తుపెట్టుకొంటారు. నీటివలె కనబడే సైటరాబిన్ ను ఎవరూ అంతగా పట్టించుకోరు. 60 సంవత్సరాల లోపు వారిలో 60 నుండి 80 శాతము మందిలో ఈ దశతో సంపూర్ణ ఉపశమనము వస్తుంది. అనగా మజ్జలో బ్లాస్టులు 5 శాతము లోపుకు దిగి, రక్తకణాలు కోలుకొంటాయి. ఉపశమనము అంటే నయమైనట్లు కాదు. కంటికి కనబడని లుకేమియా కణాలు ఇంకా ఉంటాయి, అక్కడ చికిత్స ఆపివేస్తే వ్యాధి దాదాపు తప్పక తిరిగి వస్తుంది.

రెండవ దశ దృఢీకరణ చికిత్స. ఇందులో సైటరాబిన్ ను ఒంటరిగానే, చాలా పెద్ద మోతాదులో ఇస్తారు. 1994లో అమెరికాలో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో చదరపు మీటరుకు 3 గ్రాముల చొప్పున 12 గంటలకొకసారి, ఒకటవ, మూడవ, ఐదవ రోజులలో ఇచ్చారు. 60 సంవత్సరాలు, అంతకు తక్కువ వయసు వారిలో నాలుగేళ్ళ తరువాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు ఈ మోతాదుతో 44 శాతము. 100 మిల్లీగ్రాముల మోతాదుతో 24 శాతము మాత్రమే. 1.6 చదరపు మీటర్ల వైశాల్యము గల మనిషికి ప్రేరణ దశలో రోజుకు 100 మిల్లీగ్రాముల చొప్పున మొత్తము ఒక గ్రాముకు కొంచెము పైగా సరిపోతే, ఈ పెద్ద మోతాదు దృఢీకరణలో ఒక్క విడతకే 28.8 గ్రాములు పడుతుంది. అంత అవసరము లేదని పిదప తేలినది. 2022లో వెలువడిన యూరోపియన్ లుకేమియా నెట్ సిఫార్సులు చదరపు మీటరుకు 1 నుండి 1.5 గ్రాములను సూచించాయి. వ్యాధి తిరగబెట్టే అవకాశము ఎక్కువగా ఉన్నవారికి దృఢీకరణ తరువాత మూలకణ మార్పిడి చేస్తారు.

తీవ్ర ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే ఉపరకానికి మాత్రము నేడు సాధారణముగా సైటరాబిన్ అవసరము లేదు. విటమిన్ ఏ సంబంధిత మందు, ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ కలిపి ఇస్తే అత్యధికులలో నయమవుతుంది. రోగ నిర్ధారణలో ఉపరకాన్ని తేల్చడము ఇందుకే మొదటి రోజు పనిగా భావిస్తారు.

పిల్లల లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో సైటరాబిన్ ది సహాయ పాత్ర. కొన్ని వారాల పాటు, వారానికి నాలుగు రోజుల చొప్పున, చదరపు మీటరుకు 75 మిల్లీగ్రాములు ఇచ్చే పద్ధతి విస్తారముగా వాడుకలో ఉన్నది. దీనిని చర్మము క్రింద సూదిగా కూడా ఇవ్వవచ్చును.

మందు తరువాతి మూడు వారాలు

లుకేమియా కణాన్ని, మజ్జలోని మంచి కణాన్ని సైటరాబిన్ వేరు చేసి చూడదు. రెండూ వేగముగా విభజన చెందేవే. ప్రేరణ చికిత్స ముగిసే నాటికి మజ్జ దాదాపు ఖాళీ అవుతుంది. మొదటి రోజు నుండి లెక్కిస్తే తెల్ల కణాలు ఒకసారి 7-9 రోజుల నాటికి పడిపోయి, స్వల్పముగా లేచి, మరల 15-24 రోజుల మధ్య ఇంకా లోతుగా పడిపోతాయి. రక్త ఫలకికలు 12-15 రోజుల మధ్య అట్టడుగుకు చేరుతాయి. మంచి కణాలు తిరిగి మొలకెత్తే వరకు రోగి ఎదుటివారి రక్తము మీద, యాంటీబయాటిక్ ల మీద ఆధారపడి బ్రతకాలి.

ఈ కాలములో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరము అత్యవసర పరిస్థితి. న్యూట్రోఫిల్ కణాలు 500 లోపు ఉన్నప్పుడు చీము పట్టడము, వాపు రావడము వంటి గుర్తులు కూడా కనబడకపోవచ్చు. జ్వరము ఒక్కటే గుర్తు. రక్త నమూనా తీసి, గంటలోపు సిర ద్వారా యాంటీబయాటిక్ ఇవ్వాలని నియమము. తెల్లవారే వరకు చూద్దామనుకొని పారాసిటమాల్ బిళ్ళతో రాత్రి గడిపిన రోగి ఉదయానికి రక్తపోటు పడిపోయిన స్థితిలో ఆసుపత్రికి చేరవచ్చును. సైటరాబిన్ వలన పేగుల లోపలి పొర కూడా దెబ్బతింటుంది గనుక పేగులలోని బాక్టీరియాలే రక్తములోకి దిగుతాయి. భారతదేశములో ఈ బాక్టీరియాలలో పలు మందులకు లొంగనివి ఎక్కువ. ఊపిరితిత్తులలో శిలీంధ్ర వ్యాధులూ ఎక్కువ. ప్రేరణ దశలో మరణాలు ధనిక దేశాలలో కన్నా ఇక్కడి నివేదికలలో హెచ్చుగా కనబడడానికి ప్రధాన కారణము మందు నాణ్యత కాదు, ఈ సంక్రమణలే.

రక్త ఫలకికలది మరొక సమస్య. దాత నుండి తీసిన ఫలకికలను 20-24 డిగ్రీల సెల్సియస్ వద్ద, నిరంతరము కదిలిస్తూ, సుమారు ఐదు రోజులు మాత్రమే నిలువ ఉంచగలరు. ముందుగానే తెచ్చి దాచుకొనే వీలు లేదు. కావున రోగి ఆసుపత్రిలో ఉన్నంత కాలము దాతలు వస్తూనే ఉండాలి.

ఇతర దుష్ఫలితాలు

వాంతులు, నోటి పూత, విరేచనాలు, జుట్టు ఊడిపోవడము సాధారణము. మందు ఎక్కించిన 6-12 గంటలలో జ్వరము, ఒళ్ళు నొప్పులు, దద్దుర్లు, కళ్ళు ఎర్రబడడము కలిసి రావచ్చును. దీనిని సైటరాబిన్ సిండ్రోమ్ అంటారు, స్టెరాయిడ్ లతో తగ్గుతుంది. ఈ జ్వరాన్ని సంక్రమణ జ్వరము నుండి వేరు చేయడము అనుభవము గల వైద్యులకు సైతము కష్టమే, కావున సాధారణముగా యాంటీబయాటిక్ లు మొదలుపెట్టే ఆలోచిస్తారు.

పెద్ద మోతాదులో రెండు ప్రత్యేకమైన ప్రమాదాలు ఉన్నాయి. మందు కన్నీటిలోకి చేరి కంటి పై పొరను దెబ్బతీస్తుంది. దీని నివారణకు మోతాదు ఇచ్చే రోజులలో స్టెరాయిడ్ కంటి చుక్కలు వేస్తారు. రెండవది అనుమస్తిష్కము దెబ్బతినడము. నడకలో తూలడము, మాట ముద్దగా రావడము, చేతివ్రాత చెదరడము దీని తొలి గుర్తులు. మూత్రపిండాలు సరిగా పని చేయని వారిలో, వయసు మళ్ళిన వారిలో ఈ ప్రమాదము ఎక్కువ. ప్రతి మోతాదుకు ముందు రోగి చేత సంతకము పెట్టించి నిన్నటి సంతకముతో పోల్చి చూసే అలవాటు కొన్ని వార్డులలో ఉన్నది. ఖర్చు లేని ఈ పరీక్ష చాలా ఉపయోగకరము. గుర్తులు కనబడితే మందు వెంటనే ఆపాలి, లేనియెడల ఆ లోపము శాశ్వతము కావచ్చును.

వెన్నులోకి ఇచ్చే సైటరాబిన్ ను బెంజైల్ ఆల్కహాల్ వంటి నిలువ పదార్థాలు లేని ద్రవములోనే కలపాలి. అదే రోజు సిరలోకి ఇవ్వవలసిన విన్‌క్రిస్టిన్ పొరపాటున వెన్నులోకి పోతే దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకము కనుక రెండింటిని ఒకే చోట, ఒకే సమయములో ఉంచరాదని నియమము.

నంద్యాల ప్రాంతములో

నంద్యాల 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి విడివడి ప్రత్యేక జిల్లాకు కేంద్రమైనది. శిల్పకళకు పేరుపొందిన ఆళ్లగడ్డ ఈ జిల్లాలోనిదే. నంద్యాలకు దక్షిణముగా సుమారు 40 కిలోమీటర్ల దూరములో ఉన్నది. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైనది. ఉమ్మడి జిల్లా రోజుల నుండి ఈ ప్రాంతపు రోగులకు పెద్ద దిక్కు కర్నూలు సర్వజన వైద్యశాల. దానికి అనుబంధమైన కర్నూలు వైద్య కళాశాల 1956 నాటిది. రాష్ట్ర క్యాన్సరు సంస్థను కూడా కర్నూలులోనే నెలకొల్పారు. అక్కడి నుండి ముందుకు పోయేవారికి హైదరాబాదులో 1955 నుండి పనిచేస్తున్న మెహిదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి, నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, 2000లో మొదలైన బసవతారకం ఇండో-అమెరికన్ క్యాన్సరు ఆసుపత్రి ఉన్నాయి. దక్షిణాన తమిళనాడులో వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాల ఉన్నది. కర్నూలులో మొదలై నంద్యాల, ఆళ్లగడ్డ, కడప, చిత్తూరుల మీదుగా వేలూరు పక్కనున్న రాణిపేట వరకు పోయే 40వ నెంబరు జాతీయ రహదారి ఈ రెండు దిక్కులను కలుపుతుంది. ఆళ్లగడ్డ వాసికి ఉత్తరానికి పోవాలన్నా, దక్షిణానికి పోవాలన్నా అదే దారి.

వ్యాధి బయటపడేది సాధారణముగా ఊరిలోనే, ఒక మామూలు రక్త పరీక్షలో. విడువని జ్వరము, తగ్గిన రక్త ఫలకికలు డెంగీలోనూ కనబడతాయి. వానాకాలములో మొదటి అనుమానము దాని మీదికే పోవడము సహజము. యంత్రము ఇచ్చిన అంకెలతో సరిపెట్టుకోక రక్తపు చుక్కను గాజు పలక మీద పరచి సూక్ష్మదర్శినిలో చూస్తే బ్లాస్టులు కనబడే అవకాశము ఎక్కువ. డెంగీలో ఫలకికలు సుమారు వారము, పది రోజులలో కోలుకొంటాయి. కోలుకోకుండా, దానితో పాటు రక్తహీనత కూడా ఉన్నప్పుడు ఈ పరీక్ష ఎంతో అవసరము. ఈ ఒక్క పలక పరీక్షతో మిగిలే రోజులకు విలువ ఉన్నది, ఎందుకంటే సంక్రమణ ముదరక ముందు ప్రేరణ చికిత్స మొదలుపెట్టిన రోగి దానిని మెరుగుగా తట్టుకొంటాడు.

చికిత్స ఖర్చు భరించడానికి ప్రభుత్వ పథకము ఉన్నది. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాలలో ఆరోగ్యశ్రీగా మొదలై తరువాత రాష్ట్రమంతా విస్తరించిన ఈ పథకము ఆంధ్రప్రదేశ్ లో ప్రభుత్వాలతో పాటు పేర్లు మారుతూ 2024 నుండి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్నది. తీవ్ర లుకేమియాకు కీమోథెరపీ ఇందులో చేరినది. అయితే పథకపు లెక్కలో పడనివి కొన్ని ఉంటాయి. నెల రోజులు ఆసుపత్రి దగ్గర ఉండే తోడు మనిషి తిండి, బస, పోగొట్టుకొన్న కూలి వీటిలో ముఖ్యమైనవి. ఆళ్లగడ్డ నుండి ఫలకికల దాత హైదరాబాదు పోవాలంటే 300 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. రావడానికి, పోవడానికి రెండు రోజుల పని పోతుంది. భారతదేశములో ఈ వ్యాధి పాశ్చాత్య దేశాలలో కన్నా తక్కువ వయసులోనే ఎక్కువగా కనబడుతుంది. కావున రోగి తరచుగా ఇంటికి సంపాదించి పెట్టే మనిషే అయి ఉంటాడు, లేదా చిన్న పిల్లల తల్లి అయి ఉంటుంది.

విడతకు విడతకు మధ్య ఇంటికి పంపినప్పుడు దూరము ప్రాణాల మీదికి వస్తుంది. దృఢీకరణ విడత ముగిసి ఇంటికి చేరిన వారములోనే రోగి తెల్ల కణాలు అట్టడుగుకు పడతాయి. రాత్రి వేళ జ్వరము వస్తే ఆళ్లగడ్డ నుండి కర్నూలుకు సుమారు 110 కిలోమీటర్లు. గంటలోపు యాంటీబయాటిక్ అన్న నియమము ఆ దారిలో నెరవేరదు. ఈ పరిస్థితికి పలు చోట్ల వైద్యులు అనుసరించే మార్గము రెండు విధాలు. ఒకటి, కణాలు కోలుకొనే వరకు ఆసుపత్రికి సమీపములోనే గది తీసుకొని ఉండమనడము. రెండవది, రోగి చేతికి ఒక చీటీ ఇచ్చి, జ్వరము రాగానే దగ్గరలోని ఏ ఆసుపత్రిలోనైనా దానిని చూపి మొదటి మోతాదు యాంటీబయాటిక్ వేయించుకొని, ఆ తరువాతే పెద్ద ఆసుపత్రికి బయలుదేరమనడము. రోగి పేరు, వ్యాధి, చివరి కీమోథెరపీ తేదీ, ఇవ్వవలసిన మందు, మోతాదు ఆ చీటీలో ఉండాలి. లుకేమియా చికిత్స చేయలేని చిన్న ఆసుపత్రి కూడా ఆ ఒక్క సూది వేయగలదు.

కొరత

2010, 2011 సంవత్సరాలలో అమెరికాలో సైటరాబిన్ కు తీవ్రమైన కొరత ఏర్పడినది. తయారీదారులు కొద్దిమందే కావడము, కొన్ని సీసాలలో మందు స్ఫటికాలుగా గడ్డకట్టడము కారణాలు. సీసాను వెచ్చచేస్తే స్ఫటికాలు కరుగుతాయని తేలిన పిదప సరఫరా కొంత మెరుగుపడినది. ఈలోగా ఏ రోగికి ముందు ఇవ్వాలన్న ప్రశ్న అక్కడి ఆసుపత్రులకు ఎదురైనది. లాభము తక్కువైన పాత మందులను తయారు చేసే సంస్థలు తగ్గిపోవడము ఏ దేశములోనైనా జరగవచ్చునని ఆ ఉదంతము తరువాత విస్తృతముగా చర్చించారు.

సంబంధిత ఔషధాలు

సైటరాబిన్ తరువాత అదే సూత్రముపై అనేక మందులు వచ్చాయి. ఫ్లుడరాబిన్ 1991లో దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియాకు, క్లాడ్రిబిన్ 1993లో హెయిరీ సెల్ లుకేమియాకు, క్లోఫరాబిన్ 2004లో తిరగబెట్టిన పిల్లల లుకేమియాకు, నెలరాబిన్ 2005లో టి-కణ లుకేమియాకు అమెరికాలో అనుమతి పొందాయి. ఫ్లుడరాబిన్ ను ముందుగా ఇస్తే కణములో అరా-సి.టి.పి. నిలువ పెరుగుతుంది, అందువలన తిరగబెట్టిన వ్యాధిలో రెండింటిని కలిపి ఇస్తారు. సైటరాబిన్, డానోరుబిసిన్ లను 5:1 నిష్పత్తిలో కొవ్వు బుడగలలో బంధించిన మందు 2017లో వచ్చినది, కాని ఖరీదు చాలా ఎక్కువ.

వైరస్ లపై వాడే మందులలో కూడా ఈ వర్గానివి అనేకము. 2020లో కోవిడ్ కాలములో ఇంటింటా వినబడిన రెమ్‌డెసివిర్ న్యూక్లియోసైడ్ సాదృశ్యము నుండి తయారైనదే. హైదరాబాదులోని హెటెరో సంస్థ ఆ ఏడు జూన్ లో దానిని విడుదల చేసినది.

ఏడు-మూడు పద్ధతిని తట్టుకోలేని వృద్ధులకు అజాసైటిడిన్, డెసిటబిన్ అనే మరి రెండు న్యూక్లియోసైడ్ సాదృశ్యాలు వాడుతారు. వీటికి అమెరికాలో 2004, 2006 సంవత్సరాలలో అనుమతి వచ్చినది. 2013లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఈ రెండింటి జెనెరిక్ రూపాలను అమెరికా విపణిలో విడుదల చేసినది. అజాసైటిడిన్ తో వెనిటోక్లాక్స్ అనే మాత్రను కలిపితే వృద్ధులలో ఆయువు పెరుగుతుందని 2020లో ప్రచురితమైన పరిశోధన చూపినది. అజాసైటిడిన్ ను నెలకు ఏడు రోజులు చర్మము క్రింద సూదిగా ఇవ్వవచ్చును. చదరపు మీటరుకు 20 మిల్లీగ్రాముల చొప్పున రోజుకొకసారి పది రోజులు చర్మము క్రింద ఇచ్చే తక్కువ మోతాదు సైటరాబిన్ ను కూడా వెనిటోక్లాక్స్ తో కలిపి వాడుతారు. ఈ సూదులను నంద్యాల వంటి పట్టణములోనూ వేయవచ్చును. అయితే మొదటి విడతలో రోజుల తరబడి ఆసుపత్రిలో ఉంచి రక్త పరీక్షలు చేయవలసి ఉంటుంది. తెల్ల కణాలు పడిపోవడము, జ్వరము వస్తే వెంటనే సూది పడవలసి రావడము ఈ పద్ధతిలోనూ ఉన్నవే.